ఢిల్లీ - గన్నవరం విమానం: దూరం 1,390 కిలోమీటర్లు, ప్రయాణం రెండున్నర గంటలు.. ఈ లెక్క ఎలా వచ్చింది, మీ జేబుకు దీంతో సంబంధమేంటి?

ఢిల్లీ నుంచి విజయవాడకు, అంటే గన్నవరం విమానాశ్రయానికి గగనతల దూరం ఎంత అని ఇంటర్నెట్‌లో వెతికితే మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. ఒకచోట 1,390, మరోచోట 864, ఇంకోచోట 750. మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది విమానయాన రంగం వాడే నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

అసలు చిక్కు సమయం దగ్గర వస్తుంది. ఈ రూట్లో తిరిగే ఎయిర్‌బస్ ఏ320 తరగతి విమానాలు ఆకాశంలో నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో వెళ్తాయి. ఆ లెక్కన 1,390 కిలోమీటర్లకు గంటా 40 నిమిషాలు చాలు. కానీ టికెట్ మీద చూస్తే దాదాపు 2 గంటల 20 నిమిషాల నుంచి రెండున్నర గంటల వరకూ ఉంటుంది.

మిగతా ముప్పావు గంట ఎక్కడికి పోయింది?

ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. టికెట్ ధరకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టినప్పుడు ఒకసారి సమయాన్ని, మరోసారి దూరాన్ని కొలమానంగా తీసుకుంది. విమానం రద్దయితే వచ్చే పరిహారం సమయాన్ని బట్టి మారుతుంది. ఆలస్యమైనప్పుడు ఎన్ని గంటలకు టిఫిన్ పెట్టాలన్నది కూడా ఆ సమయమే తేలుస్తుంది.

ఎయిమ్స్‌లో వైద్యానికి వచ్చే రోగులు, సెక్రటేరియట్ పనుల మీద వచ్చే అధికారులు, ఢిల్లీ యూనివర్సిటీ, జేఎన్‌యూ విద్యార్థులు, గురుగ్రామ్, నోయిడాల్లో ఉద్యోగాలు చేసే కుటుంబాలు.. రాజధాని ప్రాంతం నుంచి తెలుగు రాష్ట్రాలకు ఏటా రాకపోకలు సాగించేవారు చాలామందే. వాళ్లకు ఈ అంకెలు అక్కరకొస్తాయి.

ఢిల్లీ నుంచి ఏ ఊరు ఎంత దూరం?

విమానాశ్రయాల మధ్య దూరం అంటే సాధారణంగా భూగోళం మీద రెండు బిందువులను కలిపే అతి దగ్గరి దారి పొడవు. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇది మ్యాపు మీద స్కేలుతో గీసిన గీత కాదు, గోళం ఒంపును అనుసరించి లెక్కగట్టేది. ఢిల్లీ, గన్నవరం లాంటి దూరాలకు ఈ రెండింటి మధ్య పెద్ద తేడా ఉండదు. అమెరికా విమానాలు ఉత్తర ధ్రువం వైపు నుంచి ఎందుకు వెళ్తాయన్నది మాత్రం దీంతోనే అర్థమవుతుంది.

ఢిల్లీలోని ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం (ఐజీఐ) నుంచి శంషాబాద్‌కు సుమారు 1,260 కిలోమీటర్లు. విశాఖపట్నానికి సుమారు 1,360. రాజమహేంద్రవరానికి కూడా దాదాపు అంతే. మ్యాపులో రాజమహేంద్రవరం విశాఖ కన్నా బాగా దిగువన కనిపిస్తుంది కదా అనిపించవచ్చు. కానీ విశాఖ మరింత తూర్పుకు జరిగి ఉండటంతో లెక్క సమానమైంది. గన్నవరం 1,390. తిరుపతి (రేణిగుంట) సుమారు 1,680.

ఒక్కో వెబ్‌సైట్‌లో నాలుగైదు కిలోమీటర్ల తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. విమానాశ్రయంలో ఏ బిందువు నుంచి కొలిచారు, భూమిని కచ్చితమైన గోళంగా తీసుకున్నారా, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన ఆకారంగా తీసుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ తేడా వస్తుంది.

రైలు దూరంతో పోల్చి చూస్తే దీని అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. న్యూఢిల్లీ నుంచి విజయవాడకు భోపాల్, నాగ్‌పుర్, బల్లార్ష, కాజీపేట మీదుగా పట్టాల దూరం సుమారు 1,750 కిలోమీటర్లు. అంటే గగనతల దూరం కన్నా 360 కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాద్ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు సుమారు 26 గంటలు పడుతుంది.

విమానం తిన్నగా ఎందుకు వెళ్లదు?

కాగితం మీద లెక్కగట్టిన 1,390 కిలోమీటర్ల గీత మీదే విమానం వెళ్లడం దాదాపు జరగని పని.

మొదటి కారణం రన్‌వేలు. ఢిల్లీ విమానాశ్రయంలో నాలుగు రన్‌వేలున్నాయి. నాలుగూ ఇంచుమించు తూర్పు పడమరలుగానే ఉంటాయి. గన్నవరం రన్‌వే కూడా అంతే. శంషాబాద్‌లోనూ అదే వరస. రన్‌వేలను గాలివాటాన్ని చూసి వేస్తారు తప్ప ఏ ఊరికి వెళ్లాలన్నది చూసి కాదు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. కాబట్టి దక్షిణానికి వెళ్లాల్సిన విమానం ఢిల్లీలో పడమటికో తూర్పుకో లేచి, ఆ తర్వాత మళ్లాలి. గన్నవరం దగ్గరికొచ్చాక ఉత్తరం నుంచి వచ్చిన విమానం మళ్లీ పక్కకు తిరిగి రన్‌వే వరసలోకి రావాలి. ఈ రెండు మలుపులకే కొన్ని పదుల కిలోమీటర్లు అదనం.

రెండో కారణం ఆకాశంలోని దారులు. పైన కూడా రోడ్లు, కూడళ్లు ఉన్నట్టే లెక్క. నిర్ణీత బిందువులను కలుపుతూ గీసిన మార్గాల్లోనే విమానాలను పంపిస్తారు. వైమానిక దళం, క్షిపణి పరీక్షలు, ఇతర రక్షణ అవసరాల కోసం కొంత గగనతలాన్ని పక్కన పెడతారు. దేశ గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉందని 2020 మేలో ఆత్మనిర్భర్ ప్యాకేజీ వివరాలు చెబుతూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ వెల్లడించారు. ఆంక్షలు సడలిస్తే విమానయాన రంగానికి ఏటా దాదాపు రూ.1,000 కోట్లు కలిసొస్తుందన్నారు. తిన్నగా వెళ్లలేకపోవడం ఎంత ఖరీదైన వ్యవహారమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

గాలి ప్రభావం ఉంటుంది కానీ ఈ రూట్లో తక్కువ. శీతాకాలంలో ఉత్తర భారతం మీద చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. అందుకే ఆ రోజుల్లో గువాహటి నుంచి ఢిల్లీకి రావడానికి, వెళ్లినప్పటి కన్నా ఎక్కువసేపు పడుతుంది. ఢిల్లీ నుంచి తెలుగు రాష్ట్రాలకు వెళ్లే దారి ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి గాలి ఎదురూ కాదు, వెనకా కాదు. పక్క నుంచి తగులుతుంది. రానుపోను సమయాలు దాదాపు ఒకేలా ఉండటానికి కారణం ఇదే.

టికెట్ మీద ఉన్నది ఏ సమయం?

టికెట్ మీద బయలుదేరే సమయం 6.00 అని ఉంటే ఆ నిమిషానికి విమానం గాల్లోకి లేస్తుందని చాలామంది అనుకుంటారు. అది టెర్మినల్ దగ్గర నిలిపిన చోటు నుంచి కదిలే సమయం. చేరుకునే సమయం కూడా నేలను తాకిన క్షణం కాదు, దిగే చోటికొచ్చి ఆగిన సమయం. ఈ రెండింటి మధ్య వ్యవధిని విమానయాన పరిభాషలో 'బ్లాక్ టైమ్' అంటారు. నిబంధనలన్నీ లెక్కలోకి తీసుకునేది దీన్నే.

అంటే రన్‌వే దాకా నేల మీద సాగే ప్రయాణం, ముందున్న విమానాల వెనక వరసలో ఆగడం, ఎక్కడం, దిగడం, మలుపులు, గేటు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడటం అన్నీ ఇందులోనే. ఢిల్లీలో నేల మీది ప్రయాణం చిన్నదేం కాదు. 2023 జులైలో నాలుగో రన్‌వేతో పాటు తూర్పు వైపు కొత్త ట్యాక్సీ వేను ప్రారంభించారు. దానికి ముందు మూడో రన్‌వే మీద దిగిన విమానం టెర్మినల్ 1కి చేరాలంటే 9 కిలోమీటర్లు తిరగాల్సి వచ్చేదని, ఇప్పుడది 2 కిలోమీటర్లకు తగ్గిందని అప్పట్లో చెప్పారు. విమానం దిగాక కూడా కిటికీలోంచి పావుగంట సేపు గడ్డి, దీపాలు కదులుతూ కనిపించేది అందుకే.

దీనికి తోడు సంస్థలు కాస్త ఎక్కువ సమయమే రాసుకుంటాయి. షెడ్యూలుకు 15 నిమిషాల లోపు తేడా ఉంటే విమానం సకాలానికి వచ్చినట్టే లెక్కిస్తారు. షెడ్యూలులోనే కొంత వెసులుబాటు పెట్టుకుంటే ఆలస్యాల పట్టికలో పేరు బాగుంటుంది. 'అనుకున్న దానికన్నా 10 నిమిషాల ముందే చేరుకున్నాం' అని పైలట్ ప్రకటించినప్పుడు అందులో కొంత వాటా ఆయన నైపుణ్యానిది, కొంత షెడ్యూలు రాసినవాళ్లది.

దూరం తగ్గితే వేగమూ తగ్గుతుంది

నేల మీద గడిపే సమయం దగ్గరి ఊరికైనా దూరపు ఊరికైనా ఇంచుమించు ఒకటే. అందుకే దూరం పెరిగేకొద్దీ సగటు వేగం పెరుగుతుంది. టికెట్ మీది సమయంతో భాగిస్తే గన్నవరం విమానం సగటున గంటకు 575 కిలోమీటర్లు వెళ్లినట్టు. సుమారు రెండు ముప్పావు గంటలు పట్టే తిరుపతి విమానానికి అది 610.

ఇక చిన్న రూట్ల సంగతి చూస్తే లెక్క తలకిందులవుతుంది. ఘాజియాబాద్‌లోని హిండన్ వైమానిక స్థావరంలో పౌర టెర్మినల్‌ను ప్రధాని మోదీ 2019 మార్చి 8న ప్రారంభించారు. అక్కడి నుంచి తొలి వాణిజ్య విమానం అదే ఏడాది అక్టోబరు 11న ఉత్తరాఖండ్‌లోని పిథౌరాగఢ్‌కు వెళ్లింది. అది 9 సీట్ల చిన్న విమానం. రెండు విమానాశ్రయాల మధ్య గగనతల దూరం 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పట్టిన సమయం గంట. సగటు వేగం గంటకు 300 కూడా రాదు. అయినా కొండదారిలో రోడ్డు మీద పగలంతా పట్టే ప్రయాణంతో పోలిస్తే అది వరమే.

తెలుగువాళ్లకు దీనికి దగ్గరి పోలిక కడప. హైదరాబాద్ నుంచి కడపకు గగనతల దూరం సుమారు 305 కిలోమీటర్లు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకం తొలి విమానానికి జెండా ఊపినప్పుడు, దాంతోపాటే వీడియో ద్వారా కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ సర్వీసులనూ ప్రారంభించారు. ఆ సిమ్లా - ఢిల్లీ దూరం కూడా 280 కిలోమీటర్లే. సుమారు 500 కిలోమీటర్లు లేదా గంట ప్రయాణానికి, రాయితీ సీట్లపై రూ.2,500 గరిష్ఠ ధర అన్నది ఆ పథకం మూలసూత్రం. 'లేదా' అన్న ఆ మాటలోనే దూరం, సమయం ఒకటి కావన్న ఒప్పుకోలు ఉంది.

ధరల పరిమితి: ఒకసారి గడియారం, మరోసారి కిలోమీటర్లు

కరోనా లాక్‌డౌన్ తర్వాత 2020 మే 25న దేశీయ విమానాలు మళ్లీ మొదలైనప్పుడు ప్రభుత్వం టికెట్లకు కనిష్ఠ, గరిష్ఠ ధరలు పెట్టింది. అప్పుడు తీసుకున్న కొలమానం సమయం. 40 నిమిషాల లోపు మొదలు 210 నిమిషాల వరకు రూట్లను ఏడు శ్రేణులుగా విభజించారు. 90 నుంచి 120 నిమిషాల శ్రేణికి రూ.3,500 - రూ.10,000. 120 నుంచి 150 నిమిషాల శ్రేణికి రూ.4,500 - రూ.13,000. అంటే రెండు గంటల గీత దాటితే గరిష్ఠ ధర ఒకేసారి రూ.3,000 పెరిగింది. తర్వాత ఈ అంకెలను పలుమార్లు సవరించి, 2022 ఆగస్టు 31 నుంచి పరిమితులను పూర్తిగా ఎత్తేశారు.

2025 డిసెంబరులో మళ్లీ అవసరం వచ్చింది. పైలట్ల విధి, విశ్రాంతి వేళల కొత్త నిబంధనలకు తగినట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో కొద్ది రోజుల్లోనే వేల సర్వీసులను రద్దు చేసింది. మిగిలిన విమానాల టికెట్ ధరలు కొండెక్కాయి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు మంత్రిగా ఉన్న పౌర విమానయాన శాఖ డిసెంబరు 6న తాత్కాలిక పరిమితులు ప్రకటించింది. ఈసారి కొలమానం దూరం.

500 కిలోమీటర్ల వరకు రూ.7,500. వెయ్యి కిలోమీటర్ల వరకు రూ.12,000. 1,500 వరకు రూ.15,000. ఆపైన రూ.18,000. పన్నులు, విమానాశ్రయ రుసుములు వీటికి అదనం. బిజినెస్ క్లాసు, ఉడాన్ విమానాలకు వర్తించవు.

ఢిల్లీ నుంచి చూస్తే హైదరాబాద్, విశాఖ, రాజమహేంద్రవరం, గన్నవరం.. నాలుగూ 1,500 లోపే ఉన్నాయి. తిరుపతి ఒక్కటే గీత దాటింది. అంటే ఆ వారంలో శ్రీవారి దర్శనానికి నేరుగా రేణిగుంట టికెట్ కొన్న భక్తుడికి గరిష్ఠ ధర, గన్నవరం ప్రయాణికుడి కన్నా రూ.3,000 ఎక్కువ. రెండు ప్రయాణాల మధ్య సమయంలో తేడా 20, 25 నిమిషాలే.

ఏది న్యాయమైన కొలమానం అంటే దూరమే మేలనిపిస్తుంది. దూరం మారదు. సమయాన్ని సంస్థలు షెడ్యూలులో తమకు అనువుగా రాసుకోగలవు.

విమానం రద్దయితే ఎంత వస్తుంది?

పరిహారం విషయంలో డీజీసీఏ నిబంధనలు సమయాన్నే నమ్ముకున్నాయి. గడువులోగా సమాచారం ఇవ్వకుండా సర్వీసును రద్దు చేస్తే, టికెట్ డబ్బు వాపసు లేదా ప్రత్యామ్నాయ విమానంతో పాటు పరిహారం ఇవ్వాలి. బ్లాక్ టైమ్ గంట లోపు ఉంటే రూ.5,000. గంట నుంచి రెండు గంటల మధ్య ఉంటే రూ.7,500. రెండు గంటలు దాటితే రూ.10,000. అయితే ఒకవైపు ప్రాథమిక ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. చవకగా కొన్న టికెట్‌కు పది వేలు వస్తాయని ఆశ పెట్టుకోకూడదు.

ఢిల్లీ - హైదరాబాద్ విమానాల షెడ్యూలు సమయం సుమారు 2 గంటల 10 నుంచి 20 నిమిషాలు. కాబట్టి ఈ రూటు పై శ్రేణిలోకే వస్తుంది. గగనతలంలో నికరంగా ఎగిరిన సమయాన్ని లెక్కేసుకుని 'రెండు గంటల లోపే కదా' అని ఎవరైనా అంటే టికెట్‌లోని రెండు సమయాలు చూపించడమే జవాబు.

ఆలస్యం విషయంలో గీత రెండున్నర గంటల దగ్గర ఉంది. బ్లాక్ టైమ్ రెండున్నర గంటల వరకు ఉండే విమానం 2 గంటలు ఆలస్యమైతే తిండి, పానీయాలు ఇవ్వాలి. రెండున్నర నుంచి 5 గంటల మధ్య ఉండే విమానమైతే 3 గంటలు ఆలస్యమయ్యాక. ఢిల్లీలో ఒకే హాలులో కూర్చున్న గన్నవరం, తిరుపతి ప్రయాణికుల్లో ఒకరికి ముందు ఇడ్లీ వచ్చి, మరొకరికి గంట తర్వాత రావడానికి ఆస్కారం ఇక్కడే ఉంది. ఆలస్యం 6 గంటలు దాటేటట్టు ఉంటే ప్రత్యామ్నాయ విమానం లేదా పూర్తి సొమ్ము వాపసు కోరుకోవచ్చు.

ఒక పెద్ద మినహాయింపు ఉంది. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ నియంత్రణ, భద్రత లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు ఆ కోవలోకే వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు సరిగ్గా అప్పుడే ఈ బెడద. పొగమంచు ఎక్కువగా తెల్లవారుజామున కమ్ముకుంటుంది కాబట్టి, ఆ నెలల్లో మధ్యాహ్నం బయలుదేరే విమానం ఎంచుకోవడం కాస్త నయం.

ఎన్‌సీఆర్‌లో ఏ విమానాశ్రయం దగ్గర?

రాజధాని ప్రాంతానికి ఐజీఐతో పాటు హిండన్, జెవార్‌లోని నోయిడా అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నాయి. 2021 నవంబరు 25న శంకుస్థాపన జరిగిన జెవార్‌లో 2024 డిసెంబరు 9న పరీక్ష విమానం దిగింది. పాత విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే ప్రత్యేకంగా అనుమతి పొందాలన్నది 2008 నాటి విధానం. హిండన్ ఐజీఐకి సరళరేఖలో 30 కిలోమీటర్లే. జెవార్ సుమారు 65.

ఐజీఐ కన్నా జెవార్ దక్షిణాన ఉంది. కాబట్టి గన్నవరానికి అక్కడి నుంచి దూరం సుమారు 1,335 కిలోమీటర్లే అవుతుంది. ఆదా అయ్యేది 55 కిలోమీటర్లు, అంటే గాల్లో నాలుగు నిమిషాలు. హిండన్ నుంచైతే 10 కిలోమీటర్లు ఎక్కువ, నిమిషం కూడా తేడా రాదు. అసలు తేడా నేల మీదే. గ్రేటర్ నోయిడాలో ఉండేవారికి జెవార్ దగ్గర, గురుగ్రామ్‌లో ఉండేవారికి ఐజీఐ. టెర్మినల్ 3 నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో సుమారు 20 నిమిషాలు. హిండన్ టెర్మినల్ వరకు మెట్రో లేదు. రెడ్ లైన్ చివరి స్టేషన్ షహీద్ స్థల్‌లో దిగి ఆటోనో క్యాబో పట్టుకోవాలి.

అటు వైపు కూడా ఇదే లెక్క. గన్నవరం నుంచి విజయవాడ నగరానికి సుమారు 20 కిలోమీటర్లు. తెలంగాణలో ఉన్నా సత్తుపల్లి, ఖమ్మం వాసులకు శంషాబాద్ కన్నా గన్నవరమే దగ్గర. నేరుగా విమానం దొరక్క హైదరాబాద్‌లో మారితే గగనతల దూరం 1,260కి మరో 260 కిలోమీటర్లు కలిపి 1,520 అవుతుంది. దూరం పెరిగింది 130 కిలోమీటర్లే అయినా, రెండో విమానం కోసం శంషాబాద్‌లో ఆగే సమయం తోడై ప్రయాణం ఐదారు గంటలకు చేరవచ్చు. అంతసేపు ఆగడం కన్నా శంషాబాద్‌లో దిగి బస్సెక్కడం నయమా అన్నది మాత్రం వెళ్లాల్సింది సూర్యాపేటకా, గుడివాడకా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

టికెట్ కొనే ముందు మూడక్షరాల కోడ్ ఒకసారి చూసుకోవాలి. డీఈఎల్ అంటే ఐజీఐ, హెచ్‌డీఓ అంటే హిండన్, డీఎక్స్‌ఎన్ అంటే జెవార్. బుకింగ్ సైట్లు కొన్నిసార్లు మూడింటినీ 'ఢిల్లీ' కిందే చూపిస్తాయి. ఐజీఐ అయినా టెర్మినల్ 1, 3 పక్కపక్కన ఉండవు. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లాలి. టెర్మినల్ 1 మెజెంటా లైన్ మీద, టెర్మినల్ 3 ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ మీద ఉన్నాయి.